జనం వెతికిన మాటల పట్టిక: సెర్చ్ కన్సోల్‌తో మూడేళ్లు

తిరుపతిలో మాది ఐదు కార్ల ట్రావెల్స్. గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనబడుతోందో సైటు యజమానికి చూపించే ఉచిత సాధనం గూగుల్ సెర్చ్ కన్సోల్. మా సైటుకు దాన్ని జోడించి మూడేళ్లు దాటింది. దాన్ని ఎలా జోడించాలి, ఎక్కడ ఏముంటుంది అన్నవి అందరికీ తెలిసిన సంగతులే కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచినది అందులోని ఒకే ఒక్క పట్టిక గురించి, అంటే క్వెరీల పట్టిక గురించి. గూగుల్‌లో జనం ఏ మాటలు టైపు చేసినప్పుడు మన సైటు కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, అందులో ఎన్నిసార్లు నొక్కారు అన్నది ఆ పట్టిక వరుసగా చూపిస్తుంది. ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నా, యాత్రికుడికి ఏం కావాలో నేను ఊహించుకోవడమే గాని, ఆయన మాటల్లోనే చదవడం అదే మొదలు.

అంతకుముందు ప్రకటనల పనిని ఒక ఏజెన్సీకి అప్పగించాం. నెలనెలా నివేదిక వచ్చేది. మా ప్రకటన ఎంతమందికి కనబడిందో రంగు రంగుల గీతల్లో ఉండేది. 'తిరుపతి టూర్ ప్యాకేజీ' వంటి విశాలమైన మాటల మీదే డబ్బంతా పోయేది. వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం 'దర్శనం టికెట్లు ఇప్పిస్తారా' అని అడిగేవే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానమే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. మేము ఇవ్వగలిగేది కారు మాత్రమే. ఆ మాట చెప్పి ఫోను పెట్టేసిన ప్రతిసారీ, ఆ క్లిక్కుకు మేము కట్టిన డబ్బు గుర్తొచ్చి బాధ కలిగేది.

ఒక రాత్రి లెక్కలు ముగించుకుని క్వెరీల పట్టికను ఇంప్రెషన్ల, అంటే సైటు ఎన్నిసార్లు కనబడిందన్న అంకెల, వరుసలో అమర్చి చూస్తుండగా ఒక మాట దగ్గర ఆగిపోయాను. తిరుమలకు నడిచి ఎక్కే మెట్ల దారుల్లో ఒకటైన శ్రీవారి మెట్టుకు టాక్సీ కోసం వెతికినవారికి మా సైటు నాలుగంకెల్లో కనబడింది; నొక్కినవారు మాత్రం ఒక్కరూ లేరు. మా సైటులో శ్రీవారి మెట్టు ప్రస్తావన ఎక్కడుందా అని వెతికితే, చంద్రగిరి కోట గురించి రాసిన పేజీ అడుగున ఒక్క వాక్యం దొరికింది. కిందికి జరిపి చూస్తే అదే ప్రశ్న వేర్వేరు రూపాల్లో ఉంది. 'శ్రీవారి మెట్టు దగ్గర కారు వదిలి నడిస్తే మళ్లీ ఎలా రావాలి', 'శ్రీవారి మెట్టు డ్రాప్, తిరుమల పికప్'. కొన్ని తమిళ లిపిలో, కొన్ని కన్నడ లిపిలో ఉన్నాయి.

ఇక్కడివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. మోకాళ్ల గురించి ఆలోచించుకునేవారికి రెండోది నచ్చుతుంది. 2021 నవంబరు వానలకు ఆ దారి దెబ్బతిని మూతపడి, 2022 మేలో తెరుచుకున్నాక మళ్లీ రద్దీ పెరిగింది. అయితే మెట్లెక్కినవారు తేలేది తిరుమలలో, వారి కారు ఉండేది కింద శ్రీనివాస మంగాపురం వైపు. కారు కొండమీదికి రావాలంటే తిరిగి అలిపిరికి వచ్చి, తనిఖీ దాటి, ఘాట్ రోడ్డు ఎక్కాలి. మా డ్రైవర్లు ఆ పని ఏళ్లుగా చేస్తూనే ఉన్నారు: యాత్రికులను మెట్ల దగ్గర దించి, కారును ఘాట్ మీదుగా పైకి తెచ్చి, వారు చేరేసరికి తిరుమలలో సిద్ధంగా ఉంటారు. దీనిని ప్రత్యేకంగా చెప్పాల్సిన సేవ అని మాకెవరికీ తోచలేదు. జనం మాత్రం దానికోసమే వెతుకుతున్నారు.

మర్నాడే ఒక పేజీ రాశాం. ఎక్కడ దించుతాం, ఎక్కడ ఎక్కించుకుంటాం, సామాను కారులోనే ఉంచవచ్చా, వెయిటింగ్ ఎంత, మొత్తం ఎంత అవుతుంది అన్నవి తప్ప అందులో వర్ణనలేమీ లేవు. నగరి వైపు నుంచి వచ్చిన నా భార్య దానిని తమిళంలో రాసింది. కొన్ని వారాలకు ఆ వరుసలో సున్నా పోయి అంకె వచ్చింది. తర్వాత ఆ అంకె పెరుగుతూ పోయింది. ఫోను చేసినవారు 'ప్యాకేజీలు ఏమున్నాయి' అని అడగడం మాని, 'మీరు రాసినట్టే కారు పైకి వస్తుందా' అని అడగసాగారు. ఆ ప్రశ్న మొదటిసారి విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ప్రకటనల ఖర్చు దారి కూడా అక్కడే మారింది. టికెట్లు, ఆర్టీసీ బస్సు వేళలు, గదుల బుకింగ్ కోసం వెతికేవారికి మా ప్రకటన కనబడకుండా ఆ మాటలను నెగెటివ్ కీవర్డుల జాబితాలో చేర్చాం. 'రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి తిరుమల', 'ఒక్క రోజులో కాణిపాకం, శ్రీపురం' వంటి కచ్చితమైన మాటల మీదే డబ్బు పెడుతున్నాం.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు సర్ది చెప్పాలి. ఫోన్లు పెరిగిన నెలలు వేసవి సెలవులు కూడా. పెరుగుదల అంతా ఆ పేజీ వల్లనే అని గట్టిగా అనలేను. ఈ పట్టిక క్లిక్కు వరకే చెబుతుంది, ఆపైన ఆ మనిషి కారు మాట్లాడుకున్నాడా లేదా అన్నది దానికి తెలియదు. అది తెలుసుకోవడానికి, సైటులోకి వచ్చినవారు ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4ను ఆశ్రయించాం. అక్కడ వాట్సాప్ బటన్ నొక్కులు బయటి లింకు కనుక వాటంతట అవే లెక్కకు వచ్చాయి. ఫోన్ నంబరు నొక్కులు లెక్కకు రావాలంటే గూగుల్‌దే మరో సాధనమైన ట్యాగ్ మేనేజర్‌లో విడిగా ట్రిగ్గర్ (ఏ నొక్కును లెక్కపెట్టాలో చెప్పే నియమం) పెట్టాలన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా సైటు కట్టినవారు అనలిటిక్స్‌లో డేటా నిల్వ కాలాన్ని మొదట ఉండే 2 నెలల దగ్గరే వదిలేశారు. బ్రహ్మోత్సవాల వారాన్ని కిందటేటితో పోల్చుదామని అందులో లోతుగా పోల్చి చూసే ఎక్స్‌ప్లోరేషన్ అనే విభాగం తెరిస్తే అంతకుముందుది ఖాళీ. ఉచిత ఖాతాలో దానిని 14 నెలలకు పెంచుకోవచ్చు, పెంచాం. చెరిగిపోయింది మాత్రం తిరిగి రాలేదు.

సెర్చ్ కన్సోల్‌లోనూ 16 నెలల డేటానే ఉంటుంది, ఒక్కసారికి 1,000 వరుసలకు మించి దించుకోలేము. బహు కొద్దిమందే వెతికిన మాటలను గోప్యత కోసం దాచి ఉంచుతారు కనుక వరుసలన్నీ కూడినా పైనున్న మొత్తానికి సరిపోవు. అందుకే ప్రతి నెలా ఒకటో తేదీన పట్టికను దించి షీట్‌లో దాచుకుంటున్నాను. ఈ అలవాటు లేకపోతే రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూడటం కష్టం.

సొంత సైటు ఉండి, దాంట్లో ఏదైనా రాయగలిగే తీరిక ఇంట్లో ఒకరికైనా ఉన్నవారికి దీనిని మనస్ఫూర్తిగా చెబుతాను. ఒకటి రెండు కార్లతో, స్టేషను ముందు హోటళ్ల నుంచి వచ్చే పిలుపులతోనే రోజు నిండిపోయేవారికి ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఒక్కటే ఉన్నవారికి ఈ పట్టిక దొరకదు. మా వరకు కన్నడ లిపిలోని ప్రశ్నలకు ఇంకా జవాబు రాయలేదు. పలమనేరు నుంచి వచ్చే మా డ్రైవరుకు కన్నడం రాయడం వచ్చునట. ఈ ఆదివారం ఆయనను కూర్చోబెట్టి ఆ పేజీ రాయించాలని అనుకుంటున్నాను.