మూడు కెటిళ్ళు, ఏడేళ్ళ మసి

అన్నిటికంటే ముందు ఒక్క మాట. పుల్లలతో నీళ్ళు కాచే క్యాంపింగ్ కెటిల్ మీ చేతికొస్తే, అందులో పాలు పోయకండి.

నేను పోశాను. 2018లో మొదటి కెటిల్ కొన్న రెండో వారమే, ఐర్లండ్‌లోని గాల్వే దగ్గర సముద్రం ఒడ్డున, మన టీ మనకి పడాల్సిందేనని సగం నీళ్ళు సగం పాలు పోసి చితుకులు వెలిగించాను. నాలుగు నిమిషాలకి కొమ్ములోంచి పాలు బుస్సుమని పొంగి, బయటి గోడ మీదుగా కారి మంటలో పడ్డాయి. పోయిన పాలకి బాధ లేదు, లోపల పట్టిన మాడుకే బాధంతా. రెండు గోడల మధ్య ఉన్న ఆ సందులోకి చెయ్యి పోదు, పీచు పోదు. వెనిగర్ పోసి కాచాను, వంటసోడా కలిపి కాచాను, గుప్పెడు బియ్యం వేసి గిలకరించాను. మూడు నెలలపాటు ఏ నీళ్ళు కాచినా మాడిన పాల కంపే.

ఈ కెటిల్ ఎలా పనిచేస్తుందో మన వాళ్ళకి చెప్పడం తేలిక. ఇంటి వెనక స్నానాల నీళ్ళకి రాగి బాయిలర్ ఉండేది గుర్తుందా? పీపాలా నిలువుగా ఒళ్ళు, మధ్యలో గొట్టం, అడుగున జల్లెడ, పక్కన కుళాయి. గొట్టంలో బొగ్గులో కొబ్బరి డొక్కలో వేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. ఇదీ అంతే. కుళాయి ఉండాల్సిన చోట కొమ్ము, జల్లెడ బదులు పక్కన ఒక కన్నం ఉన్న చిన్న మంట గిన్నె. ఒళ్ళు ఆ గిన్నె మీద కూర్చుంటుంది. పుల్లలు పైనుంచి గొట్టంలోకి జారవిడవడమే.

ఐర్లండ్‌లో ఇది చేపలు పట్టేవాళ్ళ వస్తువు. మేయో కౌంటీలో లాఖ్ కాన్ అనే సరస్సు ఒడ్డున 1890లలో తమ పెద్దాయన తొలిది చేశాడని కెల్లీ కుటుంబం చెప్పుకుంటుంది. ఇక్కడ చాలామంది ఏ కంపెనీదాన్నైనా కెల్లీ కెటిల్ అనే అంటారు. న్యూజిలాండ్‌లో జాన్ హార్ట్ అనే ఆయన 1929లో థర్మెట్ అని ఇలాంటిదే చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూజిలాండ్ సైనికులు దాన్ని ఉత్తర ఆఫ్రికా ఎడారికి మోసుకెళ్ళి, బెంఘాజీ బాయిలర్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ నోటా బాయిలర్ అన్న మాటే రావడం నాకు భలే నచ్చింది.

నా దగ్గర మూడు ఉండేవి. కంపెనీల పేర్లు రాయను, ఎందుకంటే నాకు కనపడిన తేడాలన్నీ కొలతవీ లోహానివీ. మొదటిది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన అల్యూమినియంది, 1.2 లీటర్లు, పాల బాధితురాలు. రెండోది వీపు సంచిలో పడుతుందని కొన్న అర లీటరు స్టీలుది. మూడోది 1.6 లీటర్ల స్టీలుది, బరువు కిలో అటూ ఇటూ.

2020 వేసవిలో ఒక ప్రశాంతమైన రోజు చూసుకుని మూడింటినీ ఒకే ఒడ్డున, ఒకే మోపు ఎండు పుల్లలతో వరసగా కాచి చూశాను. పెద్దదానికి 6 నిమిషాలు పట్టింది. అల్యూమినియం దానికి నాలుగున్నర. అర లీటరు బుడ్డదానికి 5 నిమిషాలు! మూడో వంతు నీళ్ళకి దాదాపు అంతే సమయం. కారణం గొట్టమే. చిన్నదానిలో గొట్టం సన్నం, గిన్నె లోతు తక్కువ. పుల్లల్ని వేలెడేసి ముక్కలుగా విరిచి, ఆగకుండా వేస్తూనే ఉండాలి. నాలుగు ఎక్కువ వేస్తే గొంతు పూడుకుపోయి పొగ, తక్కువ వేస్తే ఆరిపోతుంది. పెద్దదానిలో జానెడు పుల్లలు పడేసి కప్పులు కడుక్కోవచ్చు. చిన్నది కొందామనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే, కొనకండి. ఒక్కరే వెళ్ళినా పెద్దదానిలో సగం నీళ్ళు కాచుకోండి.

ఇంకో లెక్క కూడా చేశాను. 1.6 లీటర్ల నీళ్ళని 10 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి సుమారు 600 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఎండు కట్టెలో కిలోకి 15 మెగాజౌళ్ళ దాకా ఉంటుంది. వేడి ఏమాత్రం వృథా పోదనుకుంటే 40 గ్రాముల పుల్లలు చాలాలి. నాకు 150 గ్రాముల దాకా పట్టింది. (వంటింటి త్రాసు బీచికి పట్టుకెళ్ళి తూచాను. మా ఆవిడ ఈ సంగతి ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.) అంటే దాదాపు పావు వంతు వేడి నీళ్ళకి చేరుతోంది. మూడు రాళ్ళ పొయ్యి మీద గిన్నె పెడితే ఆరుబయట గాలికి అందులో సగం కూడా దక్కదు.

గాలి మాటొచ్చింది కాబట్టి చెప్పాలి, ఈ వస్తువు అసలు గొప్పదనం అక్కడే ఉంది. మేయోలోనే అకిల్ ద్వీపం అని ఉంది, అట్లాంటిక్ గాలి అక్కడ మనిషిని నిలబడనివ్వదు. ఒకసారి అక్కడ మా స్నేహితుడి గ్యాస్ స్టవ్ మంట పక్కకి వంగిపోయి, పావుగంటైనా గిన్నెలో బుడగ లేవలేదు. నేను కెటిల్ గిన్నెకున్న కన్నం గాలికి ఎదురుగా తిప్పి పెట్టాను. మంట చుట్టూ నీటి గోడే కదా, గాలి వేడిని ఎత్తుకుపోలేదు, పైగా కొలిమి తిత్తిలా ఊదుతుంది. గొట్టం పైనుంచి మూరెడు మంట లేచింది. నీళ్ళు నాలుగు నిమిషాల్లో తెర్లాయి. నా కుడిచేతి మీది వెంట్రుకలు కూడా అప్పుడే పోయాయి.

అది నా తప్పే. తీగ పిడిని గొట్టం పైకి ఎత్తి పట్టుకోకూడదు. పక్కకి అడ్డంగా ఉంచి, రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళుని గిన్నె మీంచి ఎత్తాలి. తర్వాత బిరడాకి ఉన్న గొలుసుతో అడుగు పైకి లాగుతూ వంచాలి. రెండోసారికి అలవాటవుతుంది. బిరడా మాత్రం మోతకే గానీ కాచడానికి కాదు. అది బిగించి మంట వేస్తే ఆవిరికి దారి లేక మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి. నీళ్ళు లేకుండా మంట మీద పెట్టడం కూడా అంతే చేటు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, మంచి పుల్లల మంటకి అదేం పెద్ద వేడి కాదు.

ఐర్లండ్‌లో కష్టమల్లా ఎండు పుల్ల దొరకడమే. నేల మీద పడినవన్నీ నానిపోయి ఉంటాయి. చెట్టుకే ఎండి వేలాడుతున్న సన్న రెమ్మలు విరుచుకోవాలి, పటుక్కుమంటే మంచిది, వంగితే వదిలెయ్యాలి. బర్చ్ బెరడు పొరలు తడిలో కూడా అంటుకుంటాయి. వాన రోజున నాకు 12 నిమిషాలు పట్టిన సందర్భాలున్నాయి. ఇప్పుడు ఎప్పుడూ ఒక గుడ్డసంచిలో ఇంటి దగ్గర ఎండబెట్టిన పుల్లలు వేసుకుంటాను.

ఎక్కడ పెడుతున్నామో కూడా చూసుకోవాలి. ఇక్కడ పడమటి వైపు నేల చాలాచోట్ల పీట్, అంటే వేల ఏళ్ళుగా పేరుకున్న నాచూ గడ్డీ. దాన్నే ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు. అంటే మనం పొయ్యి పెడుతున్నది కట్టెల మోపు మీదే. గిన్నె కింద పలకరాయి లేకుండా వెలిగించను, నిప్పులు నీళ్ళతో చల్లార్చకుండా కదలను. విక్లో పర్వతాల నేషనల్ పార్కులో మంట పెట్టనివ్వరు. గిన్నెలో మంటే కదా అని వాదనకి దిగకండి, అక్కడికి నేను ఫ్లాస్కు పట్టుకెళ్తాను.

మరి టీ సంగతేంటి? నేను ఫిల్టర్ కాఫీకి మారిపోయాను. స్టీలు ఫిల్టర్, పొడి, పాలపొడి డబ్బా. తెర్లిన నీళ్ళు ఫిల్టర్లో పోస్తే డికాక్షన్ దిగేలోపు డేరా సర్దుకోవచ్చు. ఉప్మాకి కూడా ఎసరు ఇందులోనే కాచి, గొట్టం మీద పెట్టే చిన్న స్టాండు మీద గిన్నె పెట్టి రవ్వ కలుపుతాను. ఆ స్టాండు మీద వంట చేయొచ్చని అమ్మేవాళ్ళు అంటారు గానీ, గిన్నె పెట్టాక పుల్లలు వేయడం సర్కస్సే. ఉప్మా దాకా సరే, అన్నం వండుదామనుకోవద్దు.

ఏడేళ్ళలో ఏం పాడయ్యాయంటే: చవక అల్యూమినియం దానికి మూడో ఏడాది అతుకు దగ్గర చెమ్మ మొదలై, చుక్కలు మంటలో పడి సొయ్యిమనేవి. ఆఖరికి తుక్కులో వేశాను. అంతకుముందే రాయి మీద పడి అడుగు సొట్టపోయి, గిన్నె మీద సరిగ్గా కూర్చోక పొగంతా పక్కనుంచి వచ్చేది. చిన్న స్టీలుదాని కార్కు బిరడా రెండేళ్ళకే పొడిపొడి అయింది, సిలికాన్ది పెట్టాను. పెద్దదానికి చెక్క పిడి కొంచెం కాలింది, అంతే. లోపల పట్టే తెల్లటి ఉప్పు పొరకి ఏడాదికోసారి వెనిగర్. మసి మాత్రం ఎవరూ తప్పించలేరు. బయట తుడిచేస్తాను, గొట్టం లోపలిది వదిలేస్తాను. కారు డిక్కీలో పాత దిండు గలీబు దాని శాశ్వత చిరునామా.

2023 సంక్రాంతికి చిన్నదాన్ని గుంటూరు జిల్లాలో మా ఊరికి తీసుకెళ్ళాను. నాన్న అటూ ఇటూ తిప్పి, గొట్టంలోకి కన్ను పెట్టి చూసి, "ఒరేయ్, ఇది మన బాయిలరే కదరా. కుళాయి పీకేసి నీకు అమ్మారు" అన్నారు. ఆ వారమంతా ఆయనకి అదే పని. పత్తి కట్టె ఫరవాలేదు. మిరప కట్టె వేసిన రోజు ఇంటిల్లిపాదీ దగ్గు. పిడక ముక్క రాజుకుంటుంది గానీ ఆ సన్న గొట్టంలో మంట లేవదు. కొబ్బరి చిప్ప చిన్న ముక్కలు చేసి వేస్తే వేడి బ్రహ్మాండం, ముక్క కాస్త పెద్దదైతే గొంతుకడ్డం. అన్నిట్లోకీ ఎండు కంది కట్టెదే పైచేయి, తేలిగ్గా అంటుకుంటుంది, పొగ తక్కువ. ఐర్లండ్‌లో అంత మంచి పుల్ల నాకు ఏ అడవిలోనూ దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టబోతే నాన్న, "ఉంచరా, పొద్దున్నే నా గ్లాసుడు వేడినీళ్ళకి సరిపోతుంది" అన్నారు. నేను కొనొద్దంటున్న ఆ బుడ్డది ఇప్పుడు మా పెరట్లో కంది కట్టె మోపు పక్కనే ఉంటోంది.