‘2,300 అడుగుల శిఖరం’ టూరుకు డబ్బు కట్టబోతున్నారా? ఇది చదివాక కట్టండి

‘వికారాబాద్ జిల్లాలోకెల్లా ఎత్తైన శిఖరానికి ట్రెక్కింగ్’ అంటూ హైదరాబాద్‌లో ఒకరు ఆదివారపు టూర్లు అమ్ముతున్నారు. మనిషికి 1,899 రూపాయలు. నేను, మా తమ్ముడు, వాడి పన్నెండేళ్ల కొడుకు పోయిన వారం వెళ్లి వచ్చాం.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన మాట ‘2,300 అడుగులు’. అదంతా కాళ్లతో ఎక్కాలనుకుని మా తమ్ముడు కొత్త బూట్లు కూడా కొన్నాడు. చిత్రమేమిటంటే ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. అది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. మన హైదరాబాదే సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, అంటే 1,770 అడుగుల మీద ఉంది. మెహదీపట్నంలో బస్సు ఎక్కేసరికే శిఖరంలో ముప్పాతిక వంతు ఎక్కేసి ఉన్నామన్నమాట! వికారాబాద్ పట్టణం అంతకన్నా ఎత్తున ఉంటుంది. ఆపైన అనంతగిరి ఘాట్ రోడ్డును బస్సే ఎక్కింది. బస్సు దిగిన చోటికీ, గైడు ‘ఇదే శిఖరం’ అని నిలబెట్టిన చోటికీ నా ఫోనులో చూస్తే తేడా నలభై మీటర్లు కూడా లేదు. లిఫ్టు పాడైన రోజుల్లో మా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌ను మూడుసార్లు ఎక్కితే ఆ లెక్క సరిపోతుంది.

పోనీ, అదైనా శిఖరమా అంటే కాదు. ఎదురుగా ఇంకో గుట్ట మా కన్నా ఎత్తుగా కనబడుతోంది. “పెదనాన్నా, అది పెద్దదిగా ఉందే!” అన్నాడు పిల్లవాడు. “అది ఈ ప్యాకేజీలోకి రాదు బాబూ” అన్నాడు గైడు.

ఇంకాస్త లోపలికి నడుద్దామంటే అటవీ సిబ్బంది ఆపి అనుమతి పత్రం అడిగారు. అది లేదు. మేము కట్టిన డబ్బులో అనుమతి రుసుము కూడా కలిసే ఉందని ప్రకటనలో రాశారు. సిబ్బంది మర్యాదగానే వెనక్కి పంపారు, తప్పు వాళ్లది కాదు. మిగిలిన పూటంతా అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర గడిపాం. గుడికి వెళ్లడానికి ఎవరి ప్యాకేజీ కావాలి? రైల్లోనో ఆర్టీసీ బస్సులోనో వికారాబాద్ చేరి, అక్కడ ఆటో మాట్లాడుకుంటే ముగ్గురికీ కలిపి వీళ్లు ఒక్కరికి తీసుకున్నంత కూడా కాదు. భోజనం సంగతి చెప్పను. బిర్యానీ అన్నారు, పులిహోర పొట్లం ఇచ్చారు.

కొండలను మాత్రం తప్పుపట్టను. మూసీ పుట్టేది అక్కడే. నగరంలో ముక్కు మూసుకుని దాటే నది పుట్టిన చోట అంత పచ్చగా ఉంటుందని పిల్లవాడు ఊహించలేదు. ఆ రోజుకు గిట్టుబాటైంది అదొక్కటే.

తిరిగి వచ్చాక డబ్బు అడిగితే, ‘దారిని, గమ్యాన్ని మార్చే హక్కు మాదే’ అని నిబంధనల్లో ఉందన్నారు. చూస్తే నిజంగానే ఉంది, చివర్లో, చీమ తలకాయంత అక్షరాలతో. బిల్లు ఇవ్వలేదు. డబ్బు సంస్థ ఖాతాకు కాకుండా ఎవరిదో సొంత ఫోను నంబరుకు వెళ్లింది. కట్టేటప్పుడే అనుమానించాల్సింది, అది నా పొరపాటు. ప్రకటననూ, చెల్లింపు వివరాలనూ ఫోనులో దాచుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. వాటితోనే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే అక్కడ రుసుము కట్టనక్కర్లేదు, ఫిర్యాదు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు.

మీరు వేరే ఎవరి దగ్గర టూరు కొంటున్నా సరే, ‘ఎత్తెంత’ అని అడగకండి. నడక ఎక్కడ మొదలవుతుంది, అక్కడి నుంచి ఎంత ఎక్కాలి అని అడగండి. అటవీ అనుమతి కాగితాన్ని ముందే ఫోనుకు పంపమనండి. నసిగితే అక్కడే ఆగిపోండి.

నిన్నటి నుంచి వీళ్లదే కొత్త ప్రకటన ఒకటి తిరుగుతోంది: ‘తెలంగాణలోకెల్లా ఎత్తైన శిఖరం, ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి’. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన డోలిగుట్ట, 965 మీటర్లు, ఎక్కడో ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉంది. బస్సు మాత్రం మళ్లీ మెహదీపట్నం నుంచి, వికారాబాద్ దారిలోని చేవెళ్ల మీదుగానే వెళుతుందట.