ఎన్‌సీఈఆర్‌టీ సైకాలజీ పుస్తకాలు: ప్లస్ టూ విద్యార్థులకు ఎంతవరకు ఉపయోగం?

సీబీఎస్‌ఈ పాఠశాలల్లో 11, 12 తరగతులకు సైకాలజీని ఎంచుకునే విద్యార్థులకు ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ ప్రచురించిన రెండు పాఠ్యపుస్తకాలే. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి 11వ తరగతి పుస్తకం 2006లో, 12వ తరగతి పుస్తకం 2007లో మొదటిసారి వెలువడ్డాయి. మన ఇంటర్ చదువంతా ఎంపీసీ, బైపీసీల చుట్టూ తిరుగుతుంది కాబట్టి, ఈ విషయాన్ని తీసుకున్న పిల్లలకు ఇంట్లోగానీ ఇరుగుపొరుగులోగానీ సలహా చెప్పేవారు దొరకడం అరుదు. ఈ రెండు పుస్తకాలను విద్యార్థులతో కలిసి చదువుతూ వస్తున్నాను కాబట్టి నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. బజారులో దొరికే ఏ గైడు కన్నా ఇవి ఎంతో మేలైనవి. అయితే ఇటీవలి సవరణల్లో వీటినుంచి కొన్ని ముఖ్యమైన భాగాలు తొలగిపోయాయి. ఆ లోటును విద్యార్థి వేరే మార్గంలో పూడ్చుకోవాలి.

11వ తరగతి పుస్తకం ఈ శాస్త్రం ఎలా పుట్టిందో చెప్పడంతో మొదలవుతుంది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ నెలకొల్పిన సైకాలజీ ప్రయోగశాలతో పాటు, 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైన మన దేశపు తొలి సైకాలజీ శాఖ గురించి, మైసూరులో తొలినాళ్లలోనే మొదలైన సైకాలజీ శాఖ గురించి కూడా ఇందులో ఉంది. ఈ శాస్త్రం పూర్తిగా పరాయిదన్న భావన విద్యార్థికి మొదటి అధ్యాయంలోనే తొలగిపోవడం మంచి విషయం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ అనుభవాల అధ్యయనం) శాఖను నెలకొల్పి, భారతీయ మనోవిజ్ఞానంపై దశాబ్దాల పాటు పనిచేసిన కోనేరు రామకృష్ణారావుగారి గురించి కూడా మన ఉపాధ్యాయులు ఈ సందర్భంలోనే చెబితే పిల్లలకు ఆ చరిత్ర మరింత దగ్గరవుతుంది.

పరిశోధన పద్ధతుల అధ్యాయం పొడిగా ఉంటుందని చాలామంది దాన్ని పైపైన చదివి వదిలేస్తారు. నా దృష్టిలో రెండేళ్ల చదువుకూ పునాది అదే. ప్రయోగంలో ఒక చరాన్ని మార్చి మరొకదాన్ని కొలవడం అంటే ఏమిటి, రెండు విషయాలు కలిసి పెరుగుతున్నాయన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం ఎందుకు కాదు, పాల్గొనేవారి సమ్మతి ఎందుకు తీసుకోవాలి, వారి వివరాలను ఎందుకు గోప్యంగా ఉంచాలి అన్న నాలుగు సంగతులు ఇక్కడ స్పష్టంగా అర్థమైతే, తరువాతి అధ్యాయాల్లోని ప్రతి అధ్యయనాన్నీ విద్యార్థి ప్రశ్నిస్తూ చదవగలుగుతాడు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చినది జ్ఞాపకశక్తి అధ్యాయం. ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాలు, జ్ఞాపకాన్ని దశలుగా వివరించే 1968 నాటి అట్కిన్సన్, షిఫ్రిన్‌ల నమూనా, 1972లో క్రెయిక్, లాక్‌హార్ట్ ప్రతిపాదించిన ప్రక్రియా స్థాయిల సిద్ధాంతం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఒక విషయాన్ని దాని రూపాన్ని బట్టో శబ్దాన్ని బట్టో కాక, అర్థాన్ని బట్టి ఆలోచించినప్పుడే అది ఎక్కువకాలం గుర్తుంటుందన్నది ఆ సిద్ధాంతపు సారాంశం. సైకాలజీ కంఠస్థం చేస్తే మార్కులు వచ్చే సబ్జెక్టు అన్న మాట తల్లిదండ్రుల మధ్య బాగా ప్రచారంలో ఉంది. దానికి ఈ పుస్తకమే తన అధ్యాయంలో ఆధారాలతో సమాధానం చెప్పింది. ఆ అధ్యాయం చదివాక కూడా గైడులోని జవాబులను వల్లెవేసే విద్యార్థి, తాను చదివినదాన్ని తన చదువుకే అన్వయించుకోలేదన్నమాట.

12వ తరగతి పుస్తకం స్థాయి ఇంకా పైది. మొదటి అధ్యాయంలో తెలివితేటల గురించి స్పియర్‌మన్, థర్‌స్టన్, గార్డ్‌నర్, స్టెర్న్‌బర్గ్ సిద్ధాంతాలతో పాటు, ఒడిశాకు చెందిన జె.పి. దాస్ తన సహచరులతో రూపొందించిన పాస్ నమూనాకు (ప్రణాళిక, అవధానం, సమాచార ప్రక్రియల ద్వారా తెలివిని వివరించేది) కూడా సముచితమైన చోటు దక్కింది. భారతీయ సంప్రదాయంలో బుద్ధి అంటే కేవలం వేగంగా లెక్కలు చేయడం కాదని, పెద్దల పట్ల మర్యాద, తన భావాలపై అదుపు, బాధ్యత, పట్టుదల కూడా అందులో భాగమేనని వివరించే భాగం తరగతిలో మంచి చర్చకు దారితీస్తుంది. ర్యాంకులను బట్టి తెలివిని కొలిచే వాతావరణంలో పెరిగిన మన పిల్లలు ఆ రెండు పేజీలను నెమ్మదిగా చదవాలని నా కోరిక. తరువాతి అధ్యాయంలో ఆత్మభావన గురించి చెబుతూ, పాశ్చాత్య సంస్కృతిలో వ్యక్తికీ సమూహానికీ మధ్య గీత స్థిరంగా ఉంటుందని, మన దగ్గర అది మారుతూ ఉంటుందని రచయితలు అంటారు. పదో తరగతి తరువాత ఏ గ్రూపు తీసుకోవాలన్నది తాతయ్యతో సహా ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చే విషయమైన మన ఇళ్లలో ఆ మాటకు వేరే ఉదాహరణ అవసరం లేదు.

మానసిక రుగ్మతలు, చికిత్సా పద్ధతుల అధ్యాయాల కోసం విద్యార్థులు ఎక్కువ ఆసక్తితో ఎదురుచూస్తారు. ఇక్కడే ఉపాధ్యాయుడి అండ ఎక్కువ కావాలి. లక్షణాల జాబితా చదివిన పదిహేడేళ్ల విద్యార్థికి అవన్నీ తనలోనో తన స్నేహితుడిలోనో ఉన్నట్టు అనిపించడం సహజం. వర్గీకరణకు పుస్తకం, వైద్యులు రుగ్మతలను గుర్తించడానికి వాడే ప్రామాణిక జాబితాలైన డీఎస్‌ఎం-5, ఐసీడీ-10లను ఆధారం చేసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-11 మాత్రం 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, పరీక్షకు పుస్తకాన్ని అనుసరిస్తూనే ఆ మార్పు సంగతి తెలుసుకొని ఉండాలి. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని చెప్పే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని, తెలుగులో కూడా ఉచితంగా సలహా అందించే టెలీ మానస్ 14416 నంబరును ఈ అధ్యాయం చెప్పేటప్పుడే తరగతిలో ప్రస్తావించడం అవసరం. చికిత్సల గురించి చదివిన పిల్లవాడికి, నిజంగా సాయం కావలసినప్పుడు ఎక్కడ అడగాలో కూడా తెలిసి ఉండాలి.

ఇక తొలగింపుల సంగతి. కోవిడ్ తరువాత భారం తగ్గించే ఉద్దేశంతో 2022లో చేసిన హేతుబద్ధీకరణలో 11వ తరగతి పుస్తకం నుంచి మానవ ప్రవర్తనకు మూలాలను వివరించే అధ్యాయం పూర్తిగా పోయింది. నాడీకణాలు, మెదడు, అంతఃస్రావ గ్రంథులు ఆ అధ్యాయంలోనే ఉండేవి. వాటి పరిచయం లేకుండా ఉద్వేగాల గురించి, ఒత్తిడి వల్ల శరీరంలో కలిగే మార్పుల గురించి, రుగ్మతలకు మందులతో చేసే చికిత్స గురించి చదవవలసి రావడం బైపీసీ నేపథ్యం లేని విద్యార్థికి చాలా కష్టం. 12వ తరగతిలో సామూహిక ప్రక్రియల అధ్యాయం నుంచి అనుసరణ, విధేయత భాగాలు తీసేశారు. షెరీఫ్, ఆష్, మిల్‌గ్రామ్‌ల ప్రయోగాలను విద్యార్థి ఇప్పుడు పాఠంగా చదవడు. పదిమంది తప్పు చెబుతున్నప్పుడు ఒక్కడు ఒప్పు చెప్పడం ఎందుకు కష్టమవుతుందో, అధికారి ఆదేశిస్తే మామూలు మనిషి ఎంతదూరం వెళ్తాడో ఆలోచించవలసిన వయసు సరిగ్గా ఇదే. ఈ తొలగింపుతో నేను ఏ మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. సమూహంలో పని చేసేటప్పుడు వ్యక్తి శ్రమ తగ్గడం, చర్చించిన కొద్దీ సమూహం అభిప్రాయం మరింత తీవ్రం కావడం అన్న అంశాలు మిగిలాయిగానీ, అవి ఆ లోటును భర్తీ చేయవు. పాత ముద్రణ ప్రతి సీనియర్ల దగ్గరగానీ గ్రంథాలయంలోగానీ దొరికితే ఈ రెండు భాగాలను తప్పకుండా చదవండి.

ఈ కోర్సులో 70 మార్కులు రాత పరీక్షకు, 30 ప్రాక్టికల్స్‌కు కేటాయించారు. 12వ తరగతిలో ఒక వ్యక్తి వివరణాత్మక అధ్యయనం, దానితో పాటు తెలివితేటలు, వ్యక్తిత్వం, సహజ సామర్థ్యం (ఆప్టిట్యూడ్), సర్దుబాటు, ఆందోళన వంటి అంశాల మీద ఐదు ప్రాక్టికల్స్ చేయాలి. నిజమైన చదువు ఇక్కడే జరుగుతుంది, దురదృష్టవశాత్తూ నిర్లక్ష్యం కూడా ఇక్కడే ఎక్కువ. కొన్నిచోట్ల విద్యార్థులు ఒకరి రికార్డు మరొకరు చూసి నింపేస్తారు. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి, భయం పోగొట్టి, సూచనలను ఒక్క మాట కూడా మార్చకుండా చదివి, వచ్చిన స్కోరును ప్రమాణ పట్టికతో పోల్చి, అది ఆ మనిషి గురించి ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో రాయడం వారికి అలవడదు. ప్రతి అధ్యాయంలోని కృత్యాలు, చివరనున్న ప్రాజెక్టు సూచనలు ఈ పనికి చాలా తోడ్పడతాయి. వాటిలో కనీసం సగమైనా చేసిన విద్యార్థికి వైవాలో అడిగే ప్రశ్నలు కొత్తగా అనిపించవు. పాఠశాలను ఎంచుకునే తల్లిదండ్రులు ఫీజు, బస్సు సంగతులతో పాటు, మనోవిజ్ఞాన పరీక్షల కిట్లు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నారా లేదా అని కూడా అడిగి తెలుసుకోవాలి.

ఎన్‌సీఈఆర్‌టీ ఈ పుస్తకాలను ఆంగ్లం, హిందీ, ఉర్దూ భాషల్లో ప్రచురిస్తోంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి ఆంగ్ల ప్రతిలోని వాక్యాలు మొదట్లో బరువుగా ఉంటాయి. ఒక్కొక్క విభాగం చదివాక పుస్తకం మూసి, దాన్ని తెలుగులో ఇంట్లో ఎవరికైనా వివరించి, తరువాతే ఆంగ్లంలో రాసుకునే పద్ధతి నేను చూసిన విద్యార్థులకు బాగా పనిచేసింది. డిగ్రీ ప్రవేశాల కోసం సీయూఈటీలో సైకాలజీ రాయదలచినవారికి కూడా ఈ రెండు పుస్తకాలే ప్రధానం. వీటి పీడీఎఫ్‌లు ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి; అయినా అంచుల్లో రాసుకుంటూ చదవవలసిన పుస్తకాలు కాబట్టి ముద్రిత ప్రతులు కొనుక్కోమనే నా సలహా. గైడు కొనాలనుకుంటే పన్నెండో తరగతి చివర్లో, పాత ప్రశ్నపత్రాల అభ్యాసం కోసం మాత్రమే కొనండి.