సైలర్ మూన్ మాంగా: 12 వాల్యూమ్‌ల సెట్టా, 10 వాల్యూమ్‌ల సెట్టా?

నవోకో తకెయుచి రాసి గీసిన మాంగా (జపనీస్ కామిక్స్) సైలర్ మూన్ జపాన్‌లో నకయోషి మ్యాగజైన్‌లో 1991 చివర్లో మొదలై 1997 దాకా నడిచింది, ముందు 18 పుస్తకాలుగా వేశారు, తర్వాత 2003లో 12గా, 2013లో 10గా కుదించారు. ఇంగ్లీషులో కొనేవాళ్ళ కోసం ఇక్కడ ఈ చివరి రెండిటినే పోల్చి చూద్దాం.

12 సెట్ (ఇంగ్లీషులో 2011 నుంచి): చిన్న సైజు, బస్సులో కూడా చదువుకోవచ్చు, రేటు తక్కువ. కానీ మధ్యలో ఒక్క వాల్యూమ్ దొరక్కపోతే ఇక వెతుకులాటే.

10 సెట్, అదే ఎటర్నల్ ఎడిషన్ (2018 నుంచి): పెద్ద సైజు, రంగు పేజీలు, కొత్త కవర్లు, అనువాదం కూడా మళ్ళీ చేశారు. బరువూ ఎక్కువే, రేటూ ఎక్కువే, పడుకుని చదివితే చేతులు నొప్పి.

కథ ఎలా ఉందో చూద్దామంటే 12లో మొదటిది చాలు. బొమ్మల పిచ్చి ఉంటే మాత్రం (నాకుంది) ఎటర్నల్‌కే వెళ్ళండి.