మారతహళ్ళిలో అమ్మ కోసం డిష్: రెండుసార్లు బిగించాక రాస్తున్నాను

అమ్మ ధర్మవరం నుంచి బెంగళూరులో మా దగ్గరికి వచ్చేసి ఎనిమిది నెలలైంది. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, టీవీలో యాప్‌లన్నీ ఉన్నాయి, కానీ ఆమెకు కావాల్సింది రిమోట్‌లో నంబర్ నొక్కగానే ఛానెల్ రావడం. యాప్ తెరవడం, అది పాస్‌వర్డ్ అడిగితే ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ చేయడం, నేను మీటింగ్‌లో ఉంటే సీరియల్ పోవడం, ఇదంతా చూడలేక డిష్ పెట్టించాను. మొదటిసారి తప్పుగా పెట్టించాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

మాది నాలుగంతస్తుల ఇంట్లో మూడో అంతస్తు, అద్దెకు. మా వీధిలోనే ఉన్న డీలర్‌కు చెబితే సాయంత్రానికే ఒక అబ్బాయిని పంపాడు. అతను మిద్దె మీదికి వెళ్ళడానికి ఓనరమ్మను అడగాలి, వైరు ఎక్కువ పడుతుంది అని చెప్పి బాల్కనీ గ్రిల్‌కే బిగించి వెళ్ళిపోయాడు. బొమ్మ వచ్చింది, అందరం సంతోషించాం. ఏప్రిల్ చివర మొదటి వాన పడింది చూడండి, చినుకులకే బొమ్మ ముక్కలు ముక్కలై నల్లగా అయిపోయింది, మళ్ళీ వచ్చేసరికి గంటన్నర. అమ్మ పాపం తానే ఏదో తప్పు బటన్ నొక్కాననుకుని భయపడింది. నాకు బాగా బాధనిపించింది అక్కడే.

డీలర్‌కు ఫోన్ చేస్తే వానకు అంతే మేడమ్ అన్నాడు. అది సగమే నిజం. డిష్‌కు వచ్చే కేయూ బ్యాండ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సిగ్నల్ జోరువానలో తగ్గుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. మా ఊళ్ళో కేబుల్ ఆయన మిద్దె మీద జల్లెడలాంటి పెద్ద గొడుగు ఉండేది, అది సీ బ్యాండ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ), దానికి వాన పెద్దగా అడ్డు కాదు, కానీ అంత గొడుగు ఇళ్ళకు పెట్టలేం కదా. అయినా సరిగ్గా బిగించిన 60 సెంటీమీటర్ల డిష్ చినుకులకే పోకూడదు. పోతోందంటే ఎండ రోజుల్లో కూడా సిగ్నల్ అంచు మీదే ఉందన్నమాట.

రెండోసారి వచ్చిన ఫిట్టర్ కుప్పం వైపు మనిషి, చాలా ఏళ్ళుగా ఇదే పని. డిష్ ముందు నిలబడి, "అమ్మా, ఇది ఎదురింటిని చూస్తోందని అనుకుంటున్నారు, కాదు, పైకి చూస్తోంది" అన్నాడు. నాకు అప్పుడర్థమైంది. ఈ డిష్‌ల తయారీలోనే ఒక వాలు ఉంటుంది, అందుకే నిటారుగా కనిపించినా అవి చూసేది చాలా పైకి. పైగా మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉపగ్రహాలు ఇక్కడ ఉత్తరాది కంటే ఆకాశంలో ఎత్తుగా కనిపిస్తాయి. నడినెత్తి 90 డిగ్రీలు అనుకుంటే, బెంగళూరు నుంచి చూస్తే నెల బిల్లు లేని డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం (93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం) ఆగ్నేయంలో సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. టాటా ప్లే వాడే 83 డిగ్రీల రేఖాంశ స్థానం ఇంకా పైన, దక్షిణానికి కాస్త తూర్పుగా, 73 డిగ్రీల ఎత్తు దాకా. ఎయిర్‌టెల్ వాడే 108.2 డిగ్రీల స్థానం మాత్రం తూర్పు వైపు ఒరిగి 52 డిగ్రీల ఎత్తు దగ్గర ఉంటుంది. మా బాల్కనీ మీద పై అంతస్తు శ్లాబు ఉంది, అది డిష్‌లో పై సగానికి వచ్చే సిగ్నల్‌ను కోసేస్తోంది. మిగతా సగంతోనే ఇన్నాళ్ళూ నడిచింది.

కాబట్టి ఏ కంపెనీ అని అడిగే ముందు మీ ఇంటి నుంచి ఆకాశం ఎటువైపు కనిపిస్తుందో చూసుకోండి. మిద్దె దొరికితే ఏదైనా సరే. మిద్దె దొరకక, తూర్పు బాల్కనీ ఒక్కటే ఉంటే కిందికి ఉన్న ఉపగ్రహమే మీకు నయం. పడమర, ఉత్తరం బాల్కనీలైతే డబ్బు కట్టకండి, ఎవరెంత చెప్పినా రాదు. ఒక చిట్కా కూడా చెబుతా: మార్చి మధ్యలో గానీ, సెప్టెంబర్ చివర గానీ ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు దాదాపు జీశాట్-15 ఉన్న చోటే ఉంటాడు. అప్పుడు డిష్ పెట్టాలనుకున్న చోట నేరుగా ఎండ పడితే దారి తెరిచి ఉన్నట్టే. (ఆ రోజుల్లోనే కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది కూడా, సూర్యుడు వెనక నిలబడతాడు కాబట్టి. రిపేరుకు పిలవకండి.)

ఓనరమ్మను నేనే వెళ్ళి అడిగాను, వాటర్ ట్యాంకు పక్క గోడకు బిగించుకోమంది. కుప్పం ఫిట్టర్ బోల్టులు గట్టిగా వేశాడు, ఎందుకంటే ఇంత చిన్న డిష్ రెండు డిగ్రీలు కదిలినా సిగ్నల్ పడిపోతుంది. డిష్ నుంచి బాక్సు దాకా మధ్యలో అతుకు లేని ఆర్‌జీ-6 (డిష్‌లకు వాడే రకం) వైరు ఒక్కటే ముక్క వేశాడు. వైరు చివరి పిన్నులకు టేపు చుట్టాడు, నీళ్ళు వైరు వెంబడి పిన్నులోకి జారకుండా కింద ఒక వంపు వదిలాడు. మీ ఫిట్టర్ ఇవి చేయకపోతే దగ్గరుండి చేయించుకోండి.

ప్యాక్ సంగతి ఇంకో టెన్షన్. బెంగళూరు అడ్రస్ అని డీలర్ మాకు కన్నడ, హిందీ ప్యాక్ వేసేశాడు, తెలుగు నాలుగే ఛానెళ్ళు. 2019 నుంచి మనకు కావాల్సిన ఛానెళ్ళను విడిగా ఎంచుకోవచ్చు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అమ్మ చూసే తెలుగువి మాత్రమే పెట్టించాను, నెల బిల్లు కూడా తగ్గింది.

నాన్న గదికి ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌లో ఫ్రీ డిష్ సెట్ కొన్నాను. ప్రసార భారతిది, నెలకు పైసా లేదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి, నాన్నకు వార్తలూ పాత పాటలూ చాలు. ఎంపెగ్-4 అనే కొత్త రకం బాక్సే అడగండి, పాత రకం తీసుకుంటే కొన్ని ఛానెళ్ళు రావు. సీరియళ్ళు చూసేవాళ్ళకు మాత్రం ఇది సరిపోదు, స్టార్ మా, జెమిని, జీ తెలుగు డబ్బు కట్టే ఛానెళ్ళు.

మిద్దె మీదికి మార్చాక నాలుగు పెద్ద వానలు చూశాం. జోరుగా కురిసిన రెండుసార్లు ఐదు నిమిషాలు పోయింది, మిగతా రెండుసార్లు పోలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు బిగించిన రోజే ఫిట్టర్ నంబర్ రాసుకోండి, ఇల్లు మారినప్పుడు విప్పి మళ్ళీ బిగించడానికి ఎంతవుతుందో కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి.