మామూలు మీటరా, ట్రూ ఆర్ఎంఎస్ మీటరా: ఏది మేలు?

ఒకే వైరుకి రెండు క్లాంప్ మీటర్లు (వైరుని కోయకుండా చుట్టూ దవడలు పెట్టి కరెంటు కొలిచేవి) తగిలిస్తే ఒకటి 2.2 ఆంపియర్లు, ఇంకోటి 4.5 ఆంపియర్లు చూపిస్తే ఏది నమ్మాలి? రెండూ కొత్తవే, బ్యాటరీలు బాగానే ఉన్నాయి, హీటర్ వైరుకి పెడితే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. కంప్యూటర్లు, ఎల్ఈడీ లైట్లు ఉన్న లైనుకి పెట్టేసరికి మాత్రం ఇంత తేడా. చాలామంది "ఒకటి పాడైపోయింది" అని తేల్చేస్తారు. నిజానికి రెండూ బాగానే ఉన్నాయి, కాకపోతే రెండూ కొలిచేది వేర్వేరు సంగతులు.

కరెంటుకి సంబంధించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ రోజుల్లో ఏసీ కరెంటు కొలవాలంటే ట్రూ ఆర్ఎంఎస్ మీటరే కావాలి. వోల్టేజీ సంగతి వేరు, అక్కడ మామూలు మీటరుతో చాలా పనులు గడిచిపోతాయి. ఎందుకో చూద్దాం.

ఏసీ అంటే నిమిషనిమిషానికీ కాదు, క్షణక్షణానికీ మారేది. సగం సైకిల్ ప్లస్, సగం సైకిల్ మైనస్, కాబట్టి నేరుగా సగటు తీస్తే సున్నా వస్తుంది, దానితో ఏ పనీ జరగదు. కానీ వైరు మాత్రం వేడెక్కుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి వస్తుంది, మైనస్ ని వర్గం చేసినా ప్లస్సే. అందుకని ప్రతి క్షణం విలువనీ వర్గం చేసి, ఆ వర్గాల సగటు తీసి, దానికి వర్గమూలం కడతారు. అదే ఆర్ఎంఎస్ (రూట్ మీన్ స్క్వేర్). మీ రెసిస్టర్ కి 230 వోల్టుల డీసీ ఇస్తే ఎంత వేడి పుడుతుందో, 230 వోల్టుల ఆర్ఎంఎస్ ఏసీ ఇచ్చినా అంతే వేడి పుడుతుంది. శుద్ధమైన సైన్ వేవ్ (నున్నగా ఎక్కి దిగే అల) అయితే పీక్ ని, అంటే అల చేరే అత్యధిక విలువని, 1.414 తో భాగిస్తే ఆర్ఎంఎస్ వస్తుంది, అంటే 230 వోల్టుల సప్లైలో పీక్ దాదాపు 325 వోల్టులు.

ఇప్పుడు అసలు విషయం. వర్గం చేసి, సగటు తీసి, మూలం కట్టే సర్క్యూట్ కి (ట్రూ ఆర్ఎంఎస్ మీటర్లో ఉండేది ఇదే) ఖర్చు ఎక్కువ. మామూలు మీటరు ఒక దగ్గరి దారి పడుతుంది: వచ్చిన ఏసీని రెక్టిఫై చేసి, అంటే మైనస్ భాగాన్ని కూడా ప్లస్ వైపు తిప్పేసి, దాని సగటు తీసి, ఆ సగటుని 1.11 తో గుణించి తెర మీద చూపిస్తుంది. 1.11 ఎక్కడిది? సైన్ వేవ్ కి అలా రెక్టిఫై చేసిన సగటు పీక్ లో 0.637 వంతు, ఆర్ఎంఎస్ 0.707 వంతు, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.11. అంటే ఆ మీటరు ఆర్ఎంఎస్ ని కొలవడం లేదు, "వచ్చేది సైన్ వేవే" అని ముందే అనుకుని లెక్క కట్టి చెబుతోంది. సైన్ వేవ్ వచ్చినంతవరకూ ఆ లెక్కలో ఏ తప్పూ లేదు. హీటర్లు, పాతరకం బల్బులు, నేరుగా లైను మీద తిరిగే మోటార్లు వీటికి నిశ్చింతగా వాడొచ్చు.

వేవ్ ఆకారం మారినప్పుడే చిక్కు. స్క్వేర్ వేవ్ కి (ఒక్కసారిగా పైకీ కిందకీ దూకే అల) రెక్టిఫై చేసిన సగటూ, ఆర్ఎంఎసూ, పీకూ మూడూ ఒకటే, కానీ మామూలు మీటరు అలవాటుగా 1.11 తో గుణించేస్తుంది కాబట్టి 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. ట్రయాంగిల్ వేవ్ కి దాదాపు 4 శాతం తక్కువ చూపిస్తుంది, ఇది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. లైటు వెలుగు తగ్గించే డిమ్మర్ సంగతి చూడండి: ప్రతి అర సైకిల్లో సరిగ్గా సగం కోసేసేలా పెడితే నిజమైన ఆర్ఎంఎస్ 163 వోల్టులు, మామూలు మీటరు చూపించేది 115. సైన్ వేవ్ కాకుండా మెట్లు మెట్లుగా వేవ్ ఇచ్చే చవకరకం ఇన్వర్టర్ అయితే ఇంకా తికమక. పీక్ 325 వోల్టులతో సగం సమయం ఆన్, సగం సమయం సున్నా అనుకుంటే నిజంగా వచ్చేది 230 వోల్టులే, మామూలు మీటర్లో మాత్రం 180 కనిపిస్తుంది. "ఇన్వర్టర్ ఓల్టేజీ పడిపోయింది" అని దాన్ని విప్పదీసేవాళ్ళు ముందు చేతిలో ఉన్న మీటరు ఏ రకమో చూసుకుంటే మంచిది.

అన్నిటికన్నా ప్రమాదం కరెంటు దగ్గర. కంప్యూటర్, ఫోన్ చార్జర్, టీవీ, ఎల్ఈడీ డ్రైవర్, వీటిలో చాలావాటి లోపల రెక్టిఫైరు (ఏసీని డీసీగా మార్చేది), దాని వెనకాల కెపాసిటర్ (చార్జ్ ని నిలవ చేసేది) ఉంటాయి. కెపాసిటర్ వోల్టేజీ కన్నా లైను వోల్టేజీ పైకి వెళ్ళిన కాసేపే కరెంటు లాగుతుంది, అందుకని కరెంటు సైన్ వేవ్ లా కాకుండా పీక్ దగ్గర సన్నటి పొడుగాటి పల్సులుగా వస్తుంది. లెక్క తేలికగా ఉండడానికి ఆ పల్సు 10 ఆంపియర్ల ఎత్తుతో, మొత్తం సమయంలో 20 శాతం మాత్రమే ఉందనుకోండి. వర్గాల సగటు 20, దాని మూలం 4.47 ఆంపియర్లు. రెక్టిఫై చేసిన సగటు 2 ఆంపియర్లు, 1.11 తో గుణిస్తే 2.22. పైన చెప్పిన రెండు మీటర్ల గొడవ ఇదే. వైరు వేడెక్కేది కరెంటు వర్గాన్ని బట్టి కదా, అంటే 2.2 చూసి మీరు అనుకున్నదాని కన్నా నాలుగు రెట్ల వేడి ఆ వైరులో పుడుతోంది. పల్సు ఇంకా సన్నబడితే తేడా ఇంకా పెరుగుతుంది, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే లైను తెంపే స్విచ్) "ఊరికే" ట్రిప్ అవుతోందనీ, టెర్మినల్స్ కమిలిపోతున్నాయనీ అనుకునే చోట చాలాసార్లు కారణం ఇదే కావచ్చు. లోడు తక్కువే ఉందని చూపించే మీటరు, ఎక్కువ చూపించే మీటరు కన్నా చెడ్డది. ఎక్కువ చూపిస్తే అనవసరంగా లావు వైరు వేస్తాం, అంతే. తక్కువ చూపిస్తే వైరు కాలుతుంది.

త్రీ ఫేజ్ లో న్యూట్రల్ దగ్గర ఇది మరీ ముఖ్యం. సైన్ వేవ్ కరెంట్లు మూడు ఫేజుల్లోనూ సమానంగా ఉంటే న్యూట్రల్ లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పల్సుల కరెంటులో మూడో హార్మోనిక్ (లైను ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం) ఉంటుంది, అది రద్దవదు, న్యూట్రల్ లో మూడూ కలిసిపోతాయి, ఒక్కోసారి న్యూట్రల్ కరెంటు ఫేజ్ కరెంటు కన్నా 1.7 రెట్ల దాకా వెళ్ళగలదు. న్యూట్రల్ కి ఎంసీబీ రక్షణ లేని చోట దాన్ని మామూలు మీటరుతో కొలిచి "బాగానే ఉంది" అనడం నాకు అస్సలు నచ్చని పని.

ట్రూ ఆర్ఎంఎస్ అనేది డిజిటల్ కాలంలో పుట్టిన కొత్త సంగతేమీ కాదు. ప్యానెళ్ళ మీద ఉండే పాత మూవింగ్ ఐరన్ మీటర్ల ముల్లు కరెంటు వర్గాన్ని బట్టే కదులుతుంది, కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీలో అవి సహజంగానే ఆర్ఎంఎస్ చూపిస్తాయి. రెక్టిఫైరు పెట్టిన మూవింగ్ కాయిల్ మీటర్లే సగటు మీద నడిచేవి.

ఇంతా చెప్పాక ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉంటే చాలు, కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చా అంటే, కాదు. మొదటిది క్రెస్ట్ ఫ్యాక్టర్, అంటే పీక్ ని ఆర్ఎంఎస్ తో భాగిస్తే వచ్చే సంఖ్య. సైన్ కి 1.414, పై పల్సుల ఉదాహరణలో 2.24. మీటరు క్రెస్ట్ ఫ్యాక్టర్ 3 వరకే తట్టుకునేదైతే అంతకన్నా సన్నటి పల్సుల దగ్గర అదీ తడబడుతుంది, రేంజ్ ని పెంచి కొలిస్తే కొంత వెసులుబాటు దొరుకుతుంది. రెండోది ఏసీ కప్లింగ్. చాలా ట్రూ ఆర్ఎంఎస్ మీటర్లు ఏసీ రేంజ్ లో డీసీని వడకట్టేస్తాయి. 12 వోల్టుల డీసీ మీద 5 వోల్టుల ఏసీ ఉంటే వేడిని నిర్ణయించేది 13 వోల్టులు (144 కి 25 కలిపి మూలం కట్టండి), మీటరు మాత్రం 5 అనే చూపిస్తుంది. ఏసీ ప్లస్ డీసీ అనే మోడ్ ఉన్న మీటరు అయితేనే 13 కనిపిస్తుంది, లేకపోతే రెండూ విడిగా కొలుచుకుని మీరే లెక్క కట్టుకోవాలి.

మూడోది నాకు ఆసక్తికరంగా అనిపించేది. మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ అవుట్‌పుట్ వోల్టేజీ అంతా వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే పల్సులే. ట్రూ ఆర్ఎంఎస్ మీటరు ఆ స్విచింగ్ ఫ్రీక్వెన్సీని కూడా కలుపుకుని మోటారుకి నిజంగా పనికొచ్చే వోల్టేజీ కన్నా ఎక్కువ చూపిస్తుంది. విచిత్రంగా ఇక్కడ సగటు తీసి 1.11 తో గుణించే పద్ధతే మూల ఫ్రీక్వెన్సీ (మోటారుని నిజంగా తిప్పేది) వోల్టేజీకి దగ్గరగా వస్తుంది, మంచి పవర్ ఎనలైజర్లలో ఇందుకోసమే ఆ మోడ్ కూడా ఉంచుతారు. అలాంటి డ్రైవ్‌ల మీద పనిచేసేవాళ్ళు లో పాస్ ఫిల్టర్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలని ఆపేది) ఉన్న ట్రూ ఆర్ఎంఎస్ మీటరు తీసుకోవాలి.

ఏ ఆర్ఎంఎస్ అంకె అయినా పీక్ ని చెప్పదు. 230 వోల్టులని చూసి 250 వోల్టుల కెపాసిటర్ ని రెక్టిఫైరు వెనకాల పెడితే 325 కి అది పేలే ప్రమాదం ఉంది. అలాగే బ్యాటరీలోకి ఎంత చార్జ్ వెళ్ళిందో కావాలంటే సగటు కరెంటే సరైనది, ఆర్ఎంఎస్ కాదు. వోల్టుల ఆర్ఎంఎస్ ని ఆంపియర్ల ఆర్ఎంఎస్ తో గుణిస్తే వచ్చేది వీఏ, వాట్లు కావు, వాట్లకి పవర్ ఫ్యాక్టర్ (వీఏలో నిజంగా వాట్లుగా మారే వంతు) కూడా కావాలి.

కొనేటప్పుడు అయితే, కేవలం సాకెట్లో సప్లై ఉందా లేదా, హీటర్ ఎంత లాగుతోంది అని చూసుకునేవాళ్ళకి మామూలు మీటరు చాలు, కానీ డబ్బు మిగుల్చుకోవడానికి కాట్ రేటింగ్ (ఎలాంటి చోట, ఎంత వోల్టేజీ దాకా మీటరు సురక్షితమో చెప్పేది) దగ్గర మాత్రం రాజీ పడొద్దు, ట్రూ ఆర్ఎంఎస్ అనేది భద్రతకి గుర్తు కాదు. లోడు కొలిచి వైరు సైజు, ఎంసీబీ సైజు నిర్ణయించేవాళ్ళు మాత్రం ట్రూ ఆర్ఎంఎస్ క్లాంప్ మీటరే తీసుకోవాలి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే, రకరకాల వేవ్‌లు పుట్టించే ఫంక్షన్ జెనరేటర్ దొరికిన చోట ప్లస్ 1 వోల్టు నుంచి మైనస్ 1 వోల్టు దాకా ఊగే 100 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి ఏసీ రేంజ్ లో చూడండి. 1.00 వస్తే ట్రూ ఆర్ఎంఎస్, 1.11 వస్తే సగటు మీటరు.