ఇగువానాకి క్రిటికల్ కేర్ పౌడర్: ముందు వెచ్చదనం, నీళ్లు, ఆ తర్వాతే ఇది

మాది బెంగళూరులోని మారతహళ్లి. డిసెంబర్ చలికి మేం ఊళ్లో లేనప్పుడు హీట్ బల్బు మాడిపోయి మా బుజ్జిగాడు, 700 గ్రాముల గ్రీన్ ఇగువానా (ఆకులు తినే పెద్ద బల్లి), రెండు రాత్రులు అలాగే ఉండిపోయాడు, అప్పట్నుంచి ఆకు ముట్టలేదు. కళ్లు గుంటలు పడ్డాయి, మెడ దగ్గర చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడిపోతోంది, అంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయన్నమాట. పెట్ షాపతను ఉడికించిన గుడ్డు పెట్టమన్నాడు. దయచేసి పెట్టకండి, ఆకులు తినే జీవికి అలాంటి ప్రొటీన్ కిడ్నీల మీద పడుతుంది.

ఎగ్జాటిక్ డాక్టర్ గారు (ఇలాంటి అరుదైన పెంపుడు జీవుల్ని చూసే వెట్) ఆక్స్‌బో కంపెనీ క్రిటికల్ కేర్ రాశారు, తిండి మానేసిన జీవులకి నీళ్లలో కలిపి సిరంజితో పట్టే పొడి. కుందేళ్లకి వాడేదే, తిమోతి గడ్డి పొడి, మాది సోంపు వాసనది. కానీ వెంటనే పట్టొద్దన్నారు, ఒళ్లు చల్లగా ఉంటే అరగదు, కడుపులోనే కుళ్లిపోతుందంట. అందుకే ముందు బల్బు కింద 35 డిగ్రీలు, చర్మం కిందకి సెలైన్, ఇంట్లో రోజూ 20 నిమిషాలు గోరువెచ్చటి నీళ్ల టబ్బు, నీళ్లు భుజాల దాకే, నేను పక్కనుంచి కదల్లేదు. మూడో రోజు మూత్రం పోశాడు, అందులో వచ్చే తెల్లటి యూరేట్ గట్టిగా కాకుండా మెత్తగా వచ్చింది, అంటే ఒంట్లోకి నీళ్లు చేరాయని, అప్పుడు గానీ ప్యాకెట్ తెరవలేదు.

ఒక వంతు పొడికి రెండు వంతులు గోరువెచ్చటి నీళ్లు. కలిపాక పది నిమిషాలు నాననివ్వండి, మొదటిసారి నేను తొందరపడితే సిరంజి అడ్డుపడి, గట్టిగా నొక్కేసరికి మొత్తం ఒకేసారి చిమ్మింది, నా గుండె ఆగిపోయింది, ఎందుకంటే శ్వాసనాళం రంధ్రం సరిగ్గా నాలుక వెనకే ఉంటుంది. ఆ తర్వాత మా అమ్మే దారిలో పెట్టింది. అంతకుముందు వాణ్ని తాకడానికే భయపడేది, అలాంటిది టవల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లకి ఉగ్గు పట్టినట్టు, గడ్డం కింద వేలాడే తోలు మెల్లగా కిందకి లాగితే నోరు తెరిచేవాడు, నేను నోటి పక్కనుంచి చుక్క చుక్క వేసి మింగాక ఇంకో చుక్క. డాక్టర్ చెప్పినట్టు 4 ఎంఎల్‌తో మొదలుపెట్టాం, రోజూ కిచెన్ స్కేల్ మీద బరువు చూసుకుంటూ. పదకొండో రోజు మందార పువ్వు తనే లాక్కుని తిన్నాడు, అమ్మ ఏడ్చేసింది.

కలిపింది మిగిలితే ఫ్రిజ్‌లో 24 గంటలే. గెక్కోల్లాంటి, పురుగులు తినే బల్లులకి ఇది కొనకండి, వాటికి కార్నివోర్ కేర్ అని వేరే వస్తుంది.